కదిలిన ఫొటోలు

అన్నయ్యా,

మొన్న నువ్వు వచ్చినప్పుడు అందరి ముందూ చెప్పలేక ఇప్పుడు రాస్తున్నాను. నీ షాపు నుంచి పంపిన మాక్రో లెన్సు గురించి ఫోన్లో నిన్ను నానా మాటలూ అన్నాను. మనసులో పెట్టుకోకు. దాన్ని వెనక్కి పంపడం లేదు.

నువ్వు చెప్పినట్టే లెన్సు వెనక కెమెరాకు ఆనే బంగారు రంగు చుక్కలు మెత్తటి గుడ్డతో తుడిచాను. ఎర్రర్ రావడం మానేసింది. స్టాండు కూడా వేశాను. అయినా ఆస్పత్రి గాజుపెట్టెలో ఉన్న పాప గుండెల మీది పుట్టుమచ్చకు గురిపెడితే ఫోకస్ నిలవలేదు. లెన్సు ముందుకీ వెనక్కీ తిరుగుతూ ఒకటే గుర్రుగుర్రు. పదకొండు తీస్తే పదకొండూ మసకే. పక్కన నీ మరదలు తొందర. "అత్తయ్యగారికీ అక్కడే ఉండేదట కదా, బావగారికి పంపండి!"

పన్నెండోసారి గుర్రుమనడం ఆగింది. ఫోకస్ ఠక్కున కుదిరింది. "హమ్మయ్య, దారికొచ్చింది!" అని పైకే అనేసి ఫొటో తీశాను. ఆ తర్వాతే మెషీన్ మోగింది, నర్సమ్మ పరిగెత్తుకొచ్చింది.

లెన్సులో ఏ లోపమూ లేదన్నయ్యా. అంత దగ్గర్నుంచి తీస్తే వెంట్రుకవాసి కదిలినా మసకేనని నువ్వు ముందే చెప్పావు. పాప ఊపిరి తీసుకుంటోందని నాకు తట్టలేదు.

ఆ "హమ్మయ్య" నీ మరదలు విన్నది. అప్పటినుంచి నాతో మాటల్లేవు.

కార్డు ఇందులో పెట్టాను. చివరి ఫొటో చెరిపెయ్యి, నాకు చేతులు రావడం లేదు. మిగతా పదకొండూ ప్రింటు వేసి పంపు. కంప్యూటర్లో పెట్టి వాటిని మాత్రం సరిచెయ్యకు.

నీ తమ్ముడు