ఆరింటిలో ఒకటి ఖాళీ

ఫ్రీమాంట్,
మార్చి, ఆదివారం మధ్యాహ్నం

మామయ్యగారూ,

ఉత్తరం చూసి కంగారు పడకండి. నా ఒంట్లో బాగానే ఉంది, ఉద్యోగమూ ఊడలేదు. ఫోన్ చేసి చెప్పవచ్చు కానీ మన ఫోన్ల సంగతి మీకు తెలుసు కదా. కుర్రతనంలో చెవులకి ఏమీ పెట్టుకోకుండా రివాల్వర్లు పేల్చిన పుణ్యమా అని నేను చెప్పేదాంట్లో సగం మీకు వినిపించదు. ఆ సగాన్ని అత్తయ్యగారు పక్కింటివాళ్లకి కూడా తెలిసేలా మీ చెవిలో చెబుతారు. ఇప్పుడు నేను చెప్పబోయేది అలా అరిపించి చెప్పించే మాట కాదు. అందుకే కాగితం తీశాను. ముందు మీరు చదివి, తర్వాత ఆవిడకి చదివి వినిపించండి.

అసలు మాటకి వచ్చే ముందు ఇన్నాళ్లూ మీతో అనకుండా ఉండిపోయినవి కొన్ని అనేస్తాను. కౌశిక్ చనిపోయిన వేసవిలో నేను మాంట్రోజ్‌లో మీ ఇంటికి వచ్చినప్పుడు ఇంట్లో ముగ్గురం ఉన్నా మాటా పలుకూ లేదు. ఆఫీసు నుంచి బయల్దేరిన మనిషి ఫ్రీవే మీద యాక్సిడెంట్‌లో పోతే ఎవరు ఎవరిని ఓదార్చాలి? మీరొక గోడ, నేనొక గోడ చూస్తూ కూర్చునేవాళ్లం. ఒకరోజు అత్తయ్యగారికి చిర్రెత్తుకొచ్చింది. ఈ ఇంట్లో మనుషులున్నారో బొమ్మలున్నాయో తెలియడం లేదని, ఆ అమ్మాయిని ఎక్కడికైనా తీసుకెళ్లమని, సాయంత్రం దాకా కనిపించొద్దని ఇద్దరినీ బయటికి తోసి తలుపేసుకున్నారు. ఆవిడ ఏ గుడికో, సరస్సుకో వెళ్తామనుకుని ఉంటారు. మీరు నన్ను ఊరి బయట కొండ వెనక గురి చూసి కాల్చుకునే చోటికి తీసుకెళ్లారు. పాపం, మీకు తెలిసిన చోటు అదొక్కటే.

నిజం చెప్పాలంటే మీ వేట సంగతి నాకు పెళ్లయిన కొత్తలో మింగుడు పడలేదు. ముప్ఫై ఏళ్లు ఆపరేషన్ థియేటర్లో జనానికి మత్తిచ్చి నిద్రపుచ్చిన డాక్టరు, అడవిలోకి వెళ్లి చెవులు చిల్లులు పడేలా మోత మోగించడమేమిటి అనుకునేదాన్ని. కౌశిక్‌కి ఆ మోత అస్సలు పడేది కాదు. మన తెలుగువాళ్ల పార్టీల్లో మాత్రం నాన్న హాబీ ఎత్తకు అని నవ్వేవాడు. అందరూ రైఫిళ్లతో వెళ్తుంటే మీరు చేతి తుపాకీతో ఎందుకు వెళ్తారని ఆ రోజు కార్లో అడిగాను. ఏదో ఒకటి మాట్లాడాలని అడిగాను, అంతే. "రైఫిల్ ఉంటే ఈ కొండ మీద కూర్చుని ఆ కొండ మీద దాన్ని కొట్టొచ్చమ్మా. దీంతో అయితే దగ్గరికి వెళ్లాలి. నేను అడవికి వెళ్లేదే దగ్గరికి వెళ్లడానికి" అన్నారు. కౌశిక్ పోయాక మీ నోట నేను విన్న పెద్ద మాట అదే.

నా మొదటి తూటా మీకు గుర్తుండే ఉంటుంది. మందు తక్కువ కూరిన తేలికవే పెట్టానన్నారు. నేను మోచేతులు కర్రల్లా బిగించి, పళ్లు బిగించి, ఊపిరి కూడా బిగించి ట్రిగ్గర్ నొక్కాను. అది ఎంత గట్టిగా తన్నిందంటే గొట్టం పైకి లేచి నా నుదుటికి బెత్తెడు దూరంలో ఆగింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం కమిలిపోయింది. మీరు తుపాకీ తీసుకుని, నా మోచేతుల మీద వేలితో తట్టారు. "దాంతో ఫైట్ చెయ్యకమ్మాయ్. గట్టిగా పట్టుకో, కానీ అడ్డం పడకు. పైకి లేస్తానంటే లేవనీ. మళ్లీ కిందికి తెచ్చుకునేది నువ్వే కదా."

మిగతా అయిదూ కాల్చేసరికి నాకు ఏడుపు వచ్చింది. శవాన్ని తెచ్చిన రోజు రాని ఏడుపు. చెయ్యి నొప్పి అనుకోవడానికి వీలుండే చోట ఏడవడం ఎంత సుఖంగా ఉందో మీకు చెప్పలేను. మీరు నన్ను ఊరుకోమనలేదు, నా వైపు చూడలేదు. అటు తిరిగి, కింద పోసిన తూటాల ఖాళీ గుల్లలు ఏరుతూ ఉండిపోయారు. ఆరు గుల్లలు ఏరడానికి చాలాసేపే పట్టింది మీకు.

తర్వాత వేసవుల్లో సెలవు పెట్టిన ప్రతిసారీ నేను వచ్చింది మీ దగ్గరికే. మీ ఖాళీ గుల్ల మోసానికి బలైంది కూడా అప్పుడే. నాకు కనబడకుండా, ఆరు తూటాలు పట్టే సిలిండర్ నింపేవారు. అయిదు తూటాలు అసలువి, ఒకటి కాల్చేసిన ఖాళీ గుల్ల. ఎక్కడ ఉందో నాకు తెలియదు. దాని వంతు వచ్చినప్పుడు టక్ మని చప్పుడు తప్ప ఏమీ లేదు. కానీ నా చేతిలో గొట్టం నేలకి వంగి ఉండేది, కళ్లు మూసుకుని ఉండేవి. "చూశావా, తుపాకీ ఏం చెయ్యలేదు. అదిరింది నువ్వే" అనేవారు. గురి తప్పించేది తన్ను కాదు, తన్నుతుందేమోనన్న భయం అని నాకు ఎక్కడానికి రెండు వేసవులు పట్టింది. దాంతోపాటు ఇంకా చాలా నేర్చుకున్నాను. ఫోన్ మోగితే గుండె గుభేలుమనకుండా ఉండటం నేర్చుకున్నాను. కార్లో ఫ్రీవే ఎక్కడం మళ్లీ నేర్చుకున్నాను. ఇవేవీ మీరు నేర్పుతున్నట్టు కనబడలేదు. అందుకు మీకు చేతులెత్తి మొక్కాలి.

ఇక కిందటి అక్టోబరు వేట. అన్ని రోజులు అడవిలో తిరిగి, అత్తయ్యగారి పులిహోర కూడా అయిపోయాక, ఆ పొద్దున ఆస్పెన్ చెట్టుకి వీపు ఆనించి కూర్చున్నాను. మీరు నా వెనక. కొంచెం బలమైన తూటాలు పెట్టాను, తేడా నీకు పెద్దగా తెలియదులే అన్నారు. ఆడ ఎల్క్ నలభై అడుగుల దూరంలోకి వచ్చి పక్కకి తిరిగి నిలబడింది. గుర్రమంత దుప్పి. దాని భుజం వెనక మడత తప్ప లోకంలో ఇంకేమీ కనబడలేదు నాకు. నొక్కాను. తన్నిందో లేదో కూడా తెలియలేదు. అది నాలుగడుగులు వేసి మోకాళ్ల మీద ఒరిగింది. మీరు వెళ్లి దాని మెడ మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డారు. నేనూ పక్కన పెట్టాను నా చెయ్యి. వెచ్చగా ఉంది.

ఆ సాయంత్రం మాంసం అద్దె గుర్రాల మీద దించి క్యాంపుకి వచ్చాక మీకు ఈ మాట చెప్పాలనుకున్నాను. మంచు మొదలైంది. నా టోపీ తడిసిపోయింది. మీరు మీ సంచిలోంచి కౌశిక్ నీలం ఉన్ని టోపీ తీసి నా తలకి పెట్టి, చెవుల మీదికి లాగి, "ఇది నీ దగ్గరే ఉండనీ" అన్నారు. చెప్పాలనుకున్నది చెప్పకుండానే వెళ్లి పడుకున్నాను. ఆ టోపీ ఇప్పటికీ నా అల్మరాలో ఉంది. దాన్ని చూసినప్పుడల్లా మీ కొడుకు ఆనవాలుగా నన్ను దాచుకుంటున్నారని అనిపించి, అల్మరా తలుపు మూసేస్తాను.

మామయ్యగారూ, నేను పెళ్లి చేసుకోబోతున్నాను. అతని పేరు రాజ్. రోజూ ఆఫీసుకి వెళ్లే రైల్లో పరిచయం. ఏడాది పైనే అయింది. అతని మొదటి పెళ్లి నిలవలేదు, ఆ సంగతి దాచలేదు, ఎవరినీ తిట్టలేదు. కౌశిక్ ఫోటో మా ఇంట్లో ఎక్కడ ఉందో అక్కడే ఉంటుందని ముందు అతనే అన్నాడు. పెళ్లి జూన్‌లో లివర్‌మోర్ గుడిలో, నలుగురి మధ్య. మా అమ్మకి చెప్పడం సులువైపోయింది, అమ్మ సంతోషించింది. మీకు చెప్పడానికే ఏడాది పట్టింది. కౌశిక్‌ని ఒకసారి పోగొట్టుకున్నారు. నేను ఇంకొకరి భార్యనైతే వాణ్ని మళ్లీ పోగొట్టుకున్నట్టు అవుతుందేమోనని నా భయం.

అందుకని నేనే ఒక నిర్ణయానికి వచ్చాను. మీ బీరువాలో నా పేరు రాసి పెట్టిన రివాల్వర్ మీకు నచ్చినవాళ్లకి ఇచ్చేయండి. టోపీ పోస్టులో పంపుతాను. ఈ అక్టోబరుకి నా కోసం చూడకండి. మీరు రమ్మనలేక, వద్దనలేక ఇబ్బంది పడటం నేను చూడలేను. ఒక్కటి మాత్రం అడుగుతాను. మీకు కోపం లేకపోతే, ఇకముందు కూడా మిమ్మల్ని మామయ్యా అని పిలవొచ్చా?

మీరు నిలబెట్టిన
విద్య

*

మాంట్రోజ్,
తర్వాతి శనివారం

అమ్మాయ్ విద్యా,

కవరు మీద నా పేరున్నా, ఈ ఇంటికి వచ్చే టపా అంతా మీ అత్తయ్యదే. ఆవిడ చదివి, కళ్లు తుడుచుకుని, అప్పుడు నాకిచ్చింది. నేను రెండుసార్లు చదివాను. ఒకసారి నీ కోసం, ఒకసారి నీ మీద చిరాకుతో.

అబ్బాయి సంగతి మాకు కొత్త కాదు. పేరు తెలియదంతే. క్యాంపులో రోజూ సాయంత్రం సిగ్నల్ కోసం ఆ పెద్ద బండ ఎక్కేదానివి. ఆఫీసుతో మాట్లాడి దిగినవాళ్ల మొహం అలా ఉండదు. మొహాలు చూసి మనిషి లోపల ఎలా ఉన్నాడో కనిపెట్టడమే ఇన్నేళ్లూ నా ఉద్యోగం. ఇంటికి రాగానే మీ అత్తయ్యకి చెప్పాను. అడక్కండి, తనే చెబుతుంది అంది. చలికాలమంతా ఎదురు చూశాం.

ఇప్పుడు నేను దాచింది చెబుతాను. ఆ పొద్దున నీ సిలిండర్‌లో పెట్టినవి కొంచెం బలమైనవి కావు. నేను వాడేవే, పూర్తి మందు కూరినవి. ఎల్క్‌ని తేలిక తూటాతో కొట్టడం అన్యాయం, అది గాయంతో ఏ లోయలోనో పడి చస్తుంది. ముందే చెబితే నువ్వు దాన్ని చూడవు, నీ చేతిలోదాన్ని చూసుకుంటావు. అందుకే ఆ వేసవంతా గరాజ్‌లో నీ తూటాలకి మందు కొద్దికొద్దిగా పెంచుతూ వచ్చాను. నీకు తెలియలేదు. అంత తన్ను నీ చేతులు ఎప్పుడో మోసేశాయి తల్లీ. మరి ఇద్దరు ముసలివాళ్లకి ఒక మంచి కబురు చెప్పడానికి ఏడాది వణికావా?

ఇక టోపీ. నీది తడిసింది. మంచు పడుతోంది. నా సంచిలో పొడి టోపీ ఉంది, ఇచ్చాను. నీ దగ్గరే ఉండనీ అన్నది మర్నాడు కూడా చలి ఉంటుందని. చలికి ఇచ్చాను, అంతే. నువ్వు ఖాళీ గుల్లకి అదిరావు.

మామయ్యా అని పిలవొచ్చా అని అడిగావు. ఆరేళ్లు నా వెంట కొండలెక్కింది కౌశిక్ భార్య కాదు. వాడికి ఆ మోతే పడదని నువ్వే రాశావు. నా వెంట వచ్చింది నువ్వు. ఏమని పిలుస్తావో నీ ఇష్టం. గట్టిగా పిలువు, ఎడమ చెవి ఇప్పుడు బొత్తిగా పనిచేయడం లేదు.

నాకు చేతులెత్తి మొక్కాలన్నావు. మరి నేను? ఆరు గుల్లలు ఏరడానికి అంతసేపు ఎందుకు పట్టిందో నువ్వు ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగలేదు. నాకూ అటు తిరిగి ఉండటానికి ఒక పని కావాలని నీకు తెలుసు. ఆ వేసవిలో మీ అత్తయ్య ఇద్దరినీ బయటికి తోసింది గానీ, నన్ను మళ్లీ ఇంట్లోకి తెచ్చింది నువ్వే. అది నేను మరిచిపోను.

రివాల్వర్ ఎవరికీ ఇవ్వను. నూనె రాసి పెట్టాను. మే నెలలో రాజ్‌ని తీసుకుని రా. మొదటి రోజు అయిదు నింపి ఒకటి ఖాళీ పెడతాను. ఆ సంగతి అతనికి ముందే చెప్పి నా సరదా పాడు చేయకు.

ఎప్పటికీ నీ
మామయ్య

*

విద్యా, ఈ కాగితం మడిచి కవర్లో పెట్టేది నేనే కాబట్టి కింద నా నాలుగు ముక్కలు. చలికి ఇచ్చానని ఎంత బాగా రాశారో చూశావా. ఆ టోపీని వాడు పోయినప్పటి నుంచి ఆయన ఏ అడవికి వెళ్లినా సంచి అడుగున పెట్టుకుని మోశారు. తలకి పెట్టుకోలేదు, ఇంట్లో పెట్టలేదు. నీకిచ్చి ఇంటికి వచ్చాక ఆయన సంచి నేనే సర్దాను, అడుగున ఆ టోపీ లేదు. ఇది నీతో అనొద్దన్నారు గానీ నా కడుపులో మాట దాగదు.

అయినా టోపీ పోస్టులో పంపకు, ఎక్కడైనా పోతే బాగుండదు. నువ్వే తీసుకురా. ఇక్కడ శుభ్రంగా ఉతికి ఆరబెడతాను. అక్టోబరులో రాజ్ పెట్టుకుంటాడు. కొండ మీద చలి చాలా ఎక్కువ.

అత్తయ్య, జానకీదేవి