నాలుగు దూది పుల్లలు

అక్కకు,

నమస్కారాలు. ఇక్కడ మేమంతా బాగున్నాం. అక్కడ మీరూ బాగున్నారని తలుస్తాను అని రాయడానికి మాత్రం ఈసారి చెయ్యి రావడం లేదు.

నువ్వడిగినవి ముందు చెప్పేస్తాను. అమ్మ మోకాళ్లు నయం. మెట్లు ఎక్కి దిగుతోంది, మా ఆయన్ని సాధించే ఓపికా వచ్చింది. కుట్టుమిషను ఎవరికీ ఇవ్వలేదు, నీకే ఉంచాను. ఇక మీ పిల్ల చేతి రిపోర్టు ఈ వారం ఎందుకు రాలేదని అడిగావు. ఆపింది నేనే.

మొదటి రెండు వారాలు నువ్వు పిల్ల చేతికి రాసి పంపిన దూది పుల్లల్ని మా ల్యాబులో బాక్టీరియా పెంచే ప్లేటు మీద రుద్ది పెడితే, మర్నాటికి బంగారు రంగు చుక్కలు కిక్కిరిసి మొలిచాయి. ఎగ్జిమా ముదిరిన చర్మం మీద ఎక్కువగా ఆ రకం బాక్టీరియాదే పెత్తనం. చర్మం తేరుకునేకొద్దీ అది తగ్గి, అందరి ఒంటి మీదా ఉండే రకరకాల మంచివి తిరిగొస్తాయి. మూడో వారం నుంచి అలాగే వచ్చాయి. ఎంత మురిసిపోయానో! ప్లేటు పట్టుకుని, పిల్లకి మందిస్తున్న మా డాక్టరమ్మ గదికి పరిగెత్తాను. ఆవిడ నువ్వు పంపిన ఫొటో చూసి, "చెయ్యి ఇంకా ఎర్రగానే ఉందే. పుల్ల సరిగ్గా రాస్తున్నారా?" అంది.

"మా అక్క అబద్ధమాడదండీ" అన్నాను. నా మాట నమ్మి ఆ బాక్టీరియాని చంపే మందు ఆపించింది.

మొన్న ఫోను పిల్ల ఎత్తింది. "పుల్ల రాస్తే మండుతోందా తల్లీ?" అనడిగాను.

"ఇప్పుడు మండదు పిన్నీ! అమ్మ తన చేతికే రాసుకుంటుందిగా. నీకు చెప్పొద్దంది. కానీ ఎరుపు భుజం దాకా వచ్చింది, జ్వరం కూడా."

నాలుగు పుల్లలక్కా! నాలుగు వారాలు నీ చర్మాన్ని చూసి పిల్లకి తగ్గుతోందని సంబరపడ్డాను. మందు మళ్లీ మొదలుపెట్టమని డాక్టరమ్మ ఆ రోజే బావకి ఫోను చేసింది. నీతో మాట్లాడటానికి నాకు నోరు రాలేదు. అందుకే ఈ ఉత్తరం.

పిల్ల ఏడిస్తే నువ్వు చూడలేవు. చిన్నప్పుడు నా కాల్లో గాజుపెంకు దిగితే, తీయమని కాలు చాపితే, నాకంటే ముందు నువ్వే ఏడ్చావు. "నావల్ల కావట్లేదే" అని ఒక్క ఫోను చేస్తే ఏం పోయింది? పరాయిదాన్ని చేసినట్టు మోసం చేశావు నన్ను.

ఇంకొకటుంది, ఇంతవరకూ దాచాను. నాలుగో వారమే నాకు అనుమానమొచ్చింది. అంత ఎర్రటి చేతి నుంచి అలాంటి ప్లేటు రాదు. రెండుసార్లు చూశాను. నువ్వు కాబట్టి నా కళ్లనే తప్పుపట్టుకుని రిపోర్టు మీద సంతకం పెట్టాను. పిల్ల జ్వరంలో నా వాటా కూడా ఉంది. నిన్న డాక్టరమ్మతో ఆ మాటే చెప్పేశాను. ఇకమీదట మీ ఇంటి ప్లేట్లు వేరేవాళ్లు చూస్తారంది. పదకొండేళ్ల ఉద్యోగంలో నాకు ఆ మాట ఎవరూ అనలేదు.

ఆదివారం వస్తున్నాను. పుల్ల నేనే రాస్తాను. పిల్ల ఏడుస్తుంది, ఏడవనీ. నువ్వు గదిలోంచి వెళ్లిపోకు. దాని రెండో చెయ్యి పట్టుకుని కూర్చో. నీతో మాట్లాడతానో లేదో మాత్రం ఇప్పుడే చెప్పలేను.

ఇట్లు,
నీ మాటకి పూచీ పడ్డ
చెల్లి