కలలో చెప్పాల్సిన మాట

గువ్వా,

బాబాయి నీ తల నిమిరి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం బాగున్నాం. జనానికి జుట్టు పెరుగుతూనే ఉంది కాబట్టి నా కటింగ్ షాపూ బాగుంది.

అసలు సంగతికొస్తాను. నువ్వు ఆస్పత్రిలో నిద్రపోయేవాళ్ళని కనిపెట్టుకుని కూర్చునే ఉద్యోగం చేస్తున్నావు కదా. కొందరికి కలలో ఉండగానే 'ఓహో, ఇది కల' అని తెలిసిపోతుందట. ఆ తర్వాత కలని తమ ఇష్టమొచ్చినట్టు నడుపుకుంటారట. స్కూలు మాస్టారు చెప్పాడు. నిజమేనా? నిజమైతే నాకూ నేర్పు. ఒక మనిషికి ఒక మాట చెప్పాలి. మెలకువలో నోరు పెగలడం లేదు. కలలో ఒకటికి రెండుసార్లు చెప్పి చూసుకుంటే, తర్వాత ఎదురుగా చెప్పగలనేమో. నెలాఖరులోగా రావాలి ఈ విద్య.

ఫోన్ చెయ్యకు. మా షాపులో గోడలకే కాదు, కుర్చీలకీ చెవులున్నాయి.

నీ
కత్తెర బాబాయి

తా.క.: మాస్టారు ఆ కబుర్లు చెప్తూ చెప్తూ కుర్చీలోనే నిద్రపోయాడు. ఒకవైపు మీసం తీశాను, రెండోది ఇంకా ఉంది. లేపాలా వద్దా?

*

బాబాయికి గువ్వ నమస్కారాలు.

నిజమే బాబాయ్. దాన్ని మావాళ్ళు లూసిడ్ డ్రీమ్ అంటారు, మనం తెలివిడి కల అనుకుందాం. పగలు మాటిమాటికీ 'ఇది కలా, నిజమా?' అని నీకు నువ్వే ప్రశ్న వేసుకోవాలి. ఊరికే వేసుకుంటే చాలదు, పరీక్ష పెట్టాలి. వేళ్ళు లెక్కపెట్టు. కలలో ఎక్కువో తక్కువో వస్తాయి. నోరూ ముక్కూ మూసుకుని పీల్చి చూడు. కలలో అయితే ఊపిరి ఆడుతుంది. గడియారం చూసి, తల తిప్పి, మళ్ళీ చూడు. కలలో టైము మారిపోతుంది. పగలు అలవాటైతే కలలోనూ అదే చేస్తావు, కల దొరికిపోతుంది. పడుకునే ముందు 'ఈసారి గుర్తుపడతాను' అని గట్టిగా అనుకో.

ఇంతకీ ఎవరామె? పిన్ని పోయి ఇన్నేళ్ళయింది, నేనేమీ అనుకోను. ఎదురుగా ఉండే బేకరీ ఆవిడేనా?

నీ గువ్వ

తా.క.: ఈ మధ్య నన్ను ఈ పాఠం అడిగినవాళ్ళలో నువ్వు రెండోవాడివి. మొదటాయన ఎవరో చెప్పను, ఒట్టు వేయించుకున్నాడు.

*

ఓసి గువ్వా,

నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఆమె కాదే, ఆయన. మీ నాన్న!

నాకు కత్తెర పట్టడం నేర్పింది అన్నయ్యే. మొదట్లో నా చెయ్యి వణికేది, ఎవరూ తల ఇచ్చేవాళ్ళు కాదు. "నా తల తీసుకోరా, మళ్ళీ మొలుస్తుందిలే" అన్నాడు. ఏడాదంతా ఆ తల మీదే నేర్చుకున్నాను. మెట్లు, గుంతలు, మధ్యలో ఒక కాలిబాట! ఎవరైనా నవ్వితే "కొత్త ఫ్యాషన్, నీకు తెలీదులే" అనేవాడు గానీ నన్ను బయటపెట్టలేదు. ఆ తలతోనే పెళ్ళి కూడా చేసుకున్నాడు. ఇవాళ నేను తింటున్న ప్రతి ముద్దా ఆ తల పెట్టిందే. ఆ మాట ఒక్కసారైనా చెప్పానా? నెలకోసారి కటింగ్‌కి వస్తాడు. "వానొచ్చేలా ఉంది" అంటాడు. "వచ్చేలాగే ఉంది" అంటాను. అయిపోయింది. నెలాఖరుకి అన్నయ్యా వదినా నీ దగ్గరికొచ్చి ఇక అక్కడే ఉంటారు. చెప్పకుండా పంపించేస్తే ఆ మాట నా గొంతులోనే ఉండిపోతుంది.

ఉత్తరం రాయొచ్చుగా అంటావు. అన్నయ్యకి కళ్ళజోడు ఎప్పుడూ దొరకదు, వదిన చేత గట్టిగా చదివించుకుంటాడు. నేను ఇల్లు వదిలి పారిపోవాలి.

పరీక్షలు చేస్తూనే ఉన్నాను, కల మాత్రం దొరకలేదు. గడ్డం గీస్తూ ముక్కు మూసుకుంటే, బట్టల షాపాయన తన దగ్గరే కంపొస్తోందనుకుని సగం గడ్డంతో స్నానానికి పరిగెత్తాడు. వేళ్ళు లెక్కపెట్టుకుంటే, కుర్చీలో ఉన్న పోస్ట్‌మన్ హడలిపోయి తన చెవులు తడిమి చూసుకున్నాడు.

నీ
కత్తెర బాబాయి

తా.క.: మీ నాన్నకి చెప్పావో, వచ్చే జన్మలో నీకు బాబాయిగా పుట్టను.

మళ్ళీ తా.క.: బేకరీ ఆవిడకి కూడా చెప్పకు.

*

బాబాయ్,

నీ ఉత్తరం చదివి నవ్వి, తర్వాత ఏడ్చి, పాపం నిద్రపోతున్న పేషెంటుని లేపేశాను. పెళ్ళి ఫోటోలో నాన్న తల చూసి ఎలకలు కొరికాయనుకునేదాన్ని. ఆ ఎలకవి నువ్వన్నమాట!

నాన్నకి చెప్పను. నీ షాపు గడియారం ఎప్పుడూ ఆగిపోయే ఉంటుంది, పరీక్షకి పనికిరాదు. కొత్తది పార్సిల్ చేస్తున్నాను. అంకెలుండవు, చుట్టూ గీతలే, మంచి షోకుగా ఉంటుంది. పనిలో తలెత్తితే కనబడేచోట పెట్టుకో. ఒకసారి ఒక టైమూ, వెంటనే ఇంకో టైమూ చూపించిందంటే కలే. ఇక భయపడకుండా నోరు విప్పెయ్.

నీ గువ్వ

తా.క.: తెలివిడి కలలో కొందరు ఎగురుతారు. నువ్వు మాత్రం చేతిలో కత్తి ఉండగా ఎగరకు.

*

గువ్వా! నా బంగారు గువ్వా!

దొరికింది! తెలివిడి కల దొరికింది!

మధ్యాహ్నం నీ గడియారం వచ్చింది. పెద్దది కదా, అద్దం పైన పట్టలేదు. వెనక గోడకి కొట్టాను. తలెత్తితే అద్దంలో చక్కగా కనబడుతోంది. ఆ తర్వాత ఎప్పుడు కునుకు పట్టిందో తెలీదు, అన్నయ్య వచ్చాడు. వాన మాట ఎత్తలేదు సరికదా, గుమ్మంలో నిలబడి ముక్కు మూసుకున్నాడు! వేళ్ళు లెక్కపెట్టుకున్నాడు! మెలకువలో పెద్దమనిషి ఎవడైనా అలా చేస్తాడా? అనుమానమొచ్చి నేనూ మూసుకున్నాను. ఊపిరి ఆడలేదు గానీ, నాకు జలుబు, అది లెక్కలోకి రాదు. వేళ్ళూ సరిగ్గానే ఉన్నాయి. అప్పుడు గడియారం చూశాను. అద్దంలో ఎనిమిదికి పది తక్కువ. వెనక్కి తిరిగితే నాలుగూ పది! కుర్చీలో కూర్చున్న అన్నయ్య కూడా అద్దం చూసి, మెడ తిప్పి చూసి, "ఒరేయ్, ఇది కలేరా!" అని అరిచాడు. కలలో మనుషులు ఎంత తెలివిగా ఉంటారో!

ఇంకేం భయం? చెప్పేశాను. "అన్నయ్యా, నీ తల లేకపోతే నాకీ చెయ్యి లేదు. నువ్వు నవ్వులపాలై నన్ను నిలబెట్టావు" అన్నాను. కలే కదా అని గట్టిగా ఏడ్చాను కూడా. ఆయనా ఏడ్చి, "ఒరేయ్, నీ కత్తెర లేకపోతే నాకు మీ వదినే లేదురా" అన్నాడు. ఆ మాటకి అర్థం లేదు, కలలో మాటలు అంతే కదా. ఇద్దరం కౌగిలించుకున్నాం, ఆయన గడ్డం మీది నురగంతా నా చొక్కాకి అంటింది. తర్వాత ఆయన వీధిలోకి వెళ్ళి, చేతులు చాచి రెండుసార్లు ఎగిరి చూసి, కుదరక నడిచే ఇంటికెళ్ళాడు.

నా మనసు ఎంత తేలికపడిందో చెప్పలేను. నువ్వు చల్లగా ఉండాలి తల్లీ. ఒక్కటే చిక్కు. కలలోకి వెళ్ళడం నేర్పావు గానీ బయటికి రావడం నేర్పలేదు. నాకింకా మెలకువ రాలేదు. కలలోనే షాపు మూసి, కలలోనే భోంచేసి, కలలోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇది నీకు అందితే ఎలా లేవాలో రాయి. తొందరేం లేదులే, ఇక్కడ బాగానే ఉంది.

నీ
కత్తెర బాబాయి

తా.క.: ఎలాగూ కలే కదా అని బేకరీ ఆవిడకి కూడా ఒక మాట చెప్పేశాను. ఆదివారం రమ్మంది.

*

బాబాయ్,

నీ ఉత్తరం అందింది. అంటే ఏమిటో ఈపాటికి అర్థమై కుర్చీలో కూలబడి ఉంటావు. ముక్కు వదిలేసి నెమ్మదిగా ఊపిరి పీల్చు.

నువ్వసలు నిద్రే పోలేదు. అద్దంలో గడియారం కుడి ఎడమై, ఎడమ కుడై కనబడుతుంది. అంకెల్లేవు కాబట్టి ఇద్దరూ పసిగట్టలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అద్దం ముందే నిలబడ్డ మనిషివి!

నన్ను పాఠం అడిగిన మొదటాయన నాన్నే. ఆయనకీ ఒక మనిషికి ఒక మాట చెప్పాలట, మెలకువలో నోరు పెగలదట. ఆ మనిషివి నువ్వే. ఇక ఒట్టు తీసి గట్టు మీద పెడుతున్నాను.

నీ కత్తెరకీ మీ వదినకీ ఏమిటి సంబంధమని అమ్మని అడిగాను. "మీ నాన్న తల చూసి నాకు నవ్వాగలేదే. అందరికీ ఫ్యాషన్ అని చెప్పినవాడు నాకు మాత్రం నిజం చెప్పాడు. 'మా తమ్ముడు నేర్చుకుంటున్నాడు, వాడికో తల కావాలి' అన్నాడు. తమ్ముడి కోసం ఇలా తిరిగేవాడు నన్నేం కష్టపెడతాడులే అని ఆ క్షణమే ఒప్పేసుకున్నాను" అంది.

నువ్వు ఆ తల పాడుచెయ్యకపోతే అమ్మ నవ్వేది కాదు. అమ్మ నవ్వకపోతే నేను లేను. నాన్న చెప్పాల్సింది నాన్న చెప్పాడు. నాది నేను, పూర్తి మెలకువలో, వేళ్ళు లెక్కపెట్టుకుని మరీ చెప్తున్నాను. థాంక్స్ బాబాయ్.

నాన్నకి మాత్రం ఇంకా తెలీదు. జన్మలో అంత మంచి కల రాలేదని కనబడినవాళ్ళందరికీ చెప్పుకుంటున్నాడు. రైలెక్కించడానికి వెళ్తావుగా, ఈసారి గడియారం చూడకుండా చెప్పు.

ఇట్లు,
నీ పాడు కటింగ్ పుణ్యమా అని పుట్టిన
గువ్వ

తా.క.: బేకరీ ఆవిడా నిజమే, ఆదివారమూ నిజమే. నురగ అంటని చొక్కా వేసుకో.