కట్టు విప్పిన బొటనవేలు

వదినా, మేం బాగానే ఉన్నాం. నా గోరు నయమైంది, నీ చలవే!

క్యాంటీన్‌లో గిన్నెలు తోమి తోమి గోరు పుచ్చిపోతే, పెద్ద వంటాయన పనిలోంచి తీసేస్తాడని భయపడి, వేలు తెగిందని బొంకి కట్టు కట్టుకు తిరిగాను కదా. గోరుచుట్టు మీద రోకలిపోటులా ఆ తడికట్టే దాన్ని ఇంకా పాడుచేసింది. నువ్వు తిట్టాకే విప్పాను. నువ్వన్నట్టే వెనిగర్‌లో రెండింతలు నీళ్లు కలిపి రోజూ వేలు నానబెట్టాను, తడి లేకుండా తుడిచాను, రబ్బరు తొడుగుల్లేకుండా గిన్నె ముట్టలేదు. డాక్టరమ్మ ఇచ్చిన పూతమందూ మానలేదు. ఎనిమిది నెలలు పట్టిందనుకో. నిన్న వంటాయన చేతులు చూపమంటే రెండూ బార్లా చాపాను. "గోళ్లంటే ఇలా ఉండాలి" అని అందరికీ నా చేతులే చూపించాడు! నవ్వాపుకోలేక చచ్చాను.

అన్నయ్య ఇంకా తడిమేజోళ్లే తొడుక్కుంటున్నాడా? మీ ఇంట్లో మర్చిపోయిన నా గోళ్లకత్తెర ఎవరూ వాడకండి, ఈ గోరుపుచ్చు ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుందట, పారేయ్.

పోయినసారి స్పూనుతో తినిపించానని చిన్నది అలిగింది చూడు, అత్తకి ప్రేమ లేక కాదని చెప్పు. ఈసారి చేత్తో కలిపి ముద్దలు పెడతాను.

నీ మేలు మరవని ఆడపడుచు