సహం ఒడ్డుకు తిరిగొచ్చిన ఇసుక

బాపూ,

రోజూ ఈ సహం సముద్రం దగ్గరికి పోతుంటే నీ మీద బెంగతో పోతున్నాననుకుంటోంది అమ్మ. ఇసుక కొలుస్తున్నానంటే నమ్మదు. కాక అయితే నా మనసు కుదుటపడాలని ఒమన్ నుంచి మన ఊరికి విమానం టికెట్ చూస్తున్నాడు.

తుఫాను ఒడ్డునంతా కోసేసినప్పుడు పడవల యజమాని, మీ అర్బాబ్, గోడ కట్టిస్తానన్నాడు. నువ్వొక్కడివే వద్దన్నావు. సీసపు గుండు అడుగున గ్రీజు పూసి, పడవలోంచి తాడుతో దింపి, అంటుకొచ్చిన ముతక ఇసుకను అందరికీ చూపించావు. "ఒడ్డు మీది ఇసుకే ఇది. పెద్ద అలలు లాక్కపోయి ఈడ గట్టు పోసినయ్. చిన్న అలలు మళ్ల తెస్తయ్" అన్నావు.

"గ్రీజు చూసి జోస్యం చెప్తున్నవా అన్నా?" అని కాక నవ్వాడు. అర్బాబ్ గోడైతే ఆపాడు కానీ, నువ్వు కన్నుమూసేనాటికి ఒడ్డున గులకరాళ్లే ఉన్నాయి.

ఈ రోజు అదే చోట గుండు దింపాను. తాడు అప్పటికంటే బారెడు ఎక్కువ దిగింది. గ్రీజుకు మెత్తటి బురద అంటింది. నీళ్లలోని గట్టు కరిగి ఒడ్డెక్కింది బాపూ. పడవలు కట్టే గుంజ మోకాలెత్తు ఇసుకలో ఉంది. నీ మాట తప్పలేదని తెలిసి ఎన్నాళ్లకో హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

కాక చెప్పులు విప్పి ఆ ఇసుకలో చాలాసేపు నడిచాడు. "అన్న నిజమే చెప్పిండు బిడ్డా. ఇగ నీ మనసు నిమ్మలమైంది గదా, టికెట్ తియ్యాల్నా?" అన్నాడు.

వద్దన్నాను. ఇక్కడే సముద్రం లోతులు కొలిచే సర్వే పడవలో పనికి ఒప్పుకున్నాను. ఆదివారం నుంచి డ్యూటీ.