ఆయిల్ ఎర్రగానే ఉంది

బావా,

గేర్లు మార్చడం కూడా బరువేనని ఆటోమేటిక్ జీపు కొన్న నీ సుఖం ఇప్పుడు నా మెడకు చుట్టుకుంది. ఆస్పత్రి నుంచి అక్కను తీసుకొస్తుంటే కొండ మలుపు దగ్గర గేరు బాక్సు వేడెక్కుతోందని, ఆపాల్సి వస్తోందని రాశావు. రాళ్ల దారిలో నెమ్మదిగా ఎక్కే బండికి గాలి తగలదు, లోపలి ఆయిల్ కాగిపోతుంది. అందుకే విడిగా ఒక ఆయిల్ కూలరు, దానికి సొంత ఫ్యాను, వేడి చూపించే మీటరు పంపుతున్నాను. రేడియేటరుకు అడ్డంగా బిగించనివ్వకు, గేరు బాక్సు చల్లబడి ఇంజను ఉడుకుతుంది. పాత ఆయిల్ తీసేసి కొత్తది పోయించు.

నన్ను రమ్మన్నావు. మెకానిక్ షెడ్డులో పని ఉందని రాస్తే నమ్ముతావు గానీ, నీ దగ్గర దాపరికం ఎందుకు? పోయినసారి అక్క చెయ్యి పట్టుకుంటే పుల్లలా ఉంది. వచ్చి ఏం చేస్తాను? వైద్యం రాదు, ఓదార్చడం అంతకన్నా రాదు. బండి ఆగకుండా చూసే పూచీ నాది.

నీ బావమరిది

బావా,

కూలరు చాలలేదన్నావు, పెద్దది పంపాను. అయినా ఆ మలుపు దగ్గరే ఆగుతోందంటావు. వానలో కూడానా? నువ్వు తెల్ల కాగితం మీద వేసి పంపిన ఆయిల్ చుక్క అందింది. ఎర్రగా, శుభ్రంగా ఉంది. కాగిన ఆయిల్ నల్లబడాలి, మాడు వాసన రావాలి. ఆ కాగితం జేబులో పెట్టుకుని షెడ్డంతా తిరిగాను. మా మేస్త్రీ వాసన చూసి, "ఈ బండికి రోగం లేదురా" అన్నాడు. మరి ఎందుకు ఆగుతోంది? మీటరు ఎంత చూపిస్తోందని అడిగితే నువ్వు మాట దాటేస్తున్నావు. అక్క రోడ్డు పక్కన అలా పడి ఉంటుందని తలుచుకుంటే అన్నం సహించడం లేదు. ఇంకా లావు పైపులు పంపుతున్నాను. వాటితోనూ కాకపోతే నాకింకేమీ తెలియదు బావా.

నీ బావమరిది

ఒరే తమ్ముడూ,

ఈసారి నేనే రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే నవ్వకు.

మొదట్లో బండి నిజంగానే వేడెక్కేది. నీ మొదటి కూలరుతోనే చల్లబడింది. ఆ తర్వాత మలుపు దగ్గర ఆపమన్నది నేను. మందు ఎక్కించాక కుదుపులు ఓర్చుకోలేక వెనక సీట్లో కాసేపు పడుకుంటాను. దారినపోయేవాళ్లు నన్ను చూసి జాలిపడకుండా మీ బావ బానెట్ ఎత్తి, బండిని తిడుతూ నిలబడతారు. నటన అంతంతమాత్రమే అయినా, ఒకాయన నమ్మి రేడియేటరులో నీళ్లు కూడా పోసి వెళ్లాడు.

నీకు ఉన్నదున్నట్టు రాస్తానని మీ బావ అంటే నేనే వద్దన్నాను. మందు పనిచేయడం లేదని డాక్టరమ్మ ఎప్పుడో చెప్పేసింది; ఆశ చావక ఇన్నాళ్లూ ఎక్కించుకున్నాను. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే నువ్వు నా సైకిలు విప్పి, ప్రతి ముక్కా తుడుస్తూ కూర్చునేవాడివి. ఇప్పుడు నిజం చెబితే విప్పడానికి ఏముంది నీకు? బండి పేరు చెబితే ఏదో ఒకటి బిగిస్తూ ఉంటావు. నీ చేతిలో పని లాక్కోలేకపోయాను.

ఇక ఆస్పత్రికి వెళ్లడం మానేశాం. జీపు గుమ్మం ముందే ఉంటోంది. పైపులు పంపకు. పానాలు షెడ్డులోనే పెట్టి నువ్వు రా. ఏమీ చెయ్యనక్కర్లేదు, పక్కన కూర్చో.

అక్క