సరంగు ఎవరితోనూ పడడు

ఏప్రిల్ 12, శుక్రవారం

ఈరోజు బావ తెప్పను గవర్రాజు మనుషులు ఈడ్చుకుపోయారు. కొన్నవాడు తీసుకుపోడా మరి. దుంగల మీద దొర్లించుకుంటూ కొండవైపు కొస దాకా. చెల్లెలు కాసులమ్మ బయటికి రాలేదు. బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చుంది. ఈ రోజుల్లో బియ్యంలో రాళ్ళెక్కడివి?

తెప్ప వెనకాలే సరంగు నడిచి వెళ్ళాడు. సరంగంటే మా బావ సింహాద్రి కుక్క. పడవ నడిపేవాడి పేరు కుక్కకేమిటని జాలరిపేటంతా నవ్వితే, "నాను ఓనర్ని. తెప్పకి సరంగు ఆడే" అనేవాడు. మోకాళ్ళు పోయేదాకా నేనూ ఆ తెప్ప మీదే వేటకి వెళ్ళాను. వాడికి నా కంటే మంచి చోటు ఇచ్చేవాడు బావ.

ఫిబ్రవరిలో, ఆసుపత్రి మంచం మీద బావ నాతో అన్న ఆఖరి మాట పెళ్ళాం గురించి కాదు. "సరంగుని సూసుకో బావా. ఆడు ఎవుడితోనూ పడడు" అన్నాడు. కాసులమ్మకు చెప్తే, "మీ బావతో నానెలగ పడ్డానో అడగలేదేటి?" అంది. ఏడుస్తూనే అంది.

ఇంకొకటి. చివర్లో బావను చూడ్డానికి పేటలో వాళ్ళందరూ వచ్చేవారు. ఆయనేమన్నా తలలూపేవారు. జన్మలో ఆయనతో ఒక్క మాటకు ఒప్పుకోని గవర్రాజు కూడా ఊపాడు. వాళ్ళు వెళ్ళాక బావకు కోపం వచ్చింది. "నాతో ఎవుడూ తగువాడట్లేదేటి బావా? నానేటి, సచ్చిపోయేనా?" అన్నాడు. నవ్వేశాను.

ఏప్రిల్ 13

సరంగు పొద్దున్నే వచ్చాడు. ఎడమ చెవి చీలి ఉంది. పసుపు అద్దాను. చల్దన్నం తిన్నాడు. మళ్ళీ కొండవైపే పోయాడు.

ఏప్రిల్ 15

ఇవాళ్టి నుంచి వేట నిషేధం. రెండు నెలలు చేపలు గుడ్లు పెట్టుకోవాలి, మేం ఒడ్డున కూర్చుని ఒకళ్ళనొకళ్ళు తిట్టుకోవాలి. తీరికుంది కాబట్టి కుక్కల సంగతి రాస్తాను.

మా ఒడ్డున ఒక్కో తెప్పకీ ఒక్కో కుక్క. వల దులిపినప్పుడు రాలే చిల్లర చేపలు ఆ కుక్కవే. పక్క తెప్ప కుక్క అక్కడ అడుగు పెట్టకూడదు. ఆడకుక్కలకు ఈ రూలు లేదు, ఎక్కడికైనా పోతాయి. మగవాటికే సరిహద్దులు. కాలెత్తి వాళ్ళు గీసుకున్నవే. అల వచ్చి తుడిచేస్తుంది, పొద్దున్నే లేచి మళ్ళీ గీయాలి. అంత శ్రద్ధగా పనిచేసే సర్వేయర్ని నేను చూడలేదు.

ఇద్దరు మగవాళ్ళు ఎదురుపడితే మొదట పక్కకు చూస్తారు. తోకలు కర్రల్లా నిలబడతాయి. కొత్త చెప్పులు కరిచినట్టు బిగుసుకుని నడుస్తారు. ఒకడు తల తిప్పుకున్నాడా, తగువు అయిపోయింది. సరంగు జన్మలో తల తిప్పుకోలేదు.

కొండవైపు కొస గవర్రాజు కుక్కది. పేరు కలెక్టర్. మూడేళ్ళవాడు, మెడ నా తొడంత ఉంటుంది. సరంగుకి పదకొండు.

వాడి తప్పల్లా ఒక్కటే. తెప్పా, తెప్ప కింద ఇసుకా ఒకటే అనుకున్నాడు. ఇసుక ఇక్కడే ఉండిపోయింది, తెప్ప అక్కడికి పోయింది. వాడు తెప్పను నమ్మాడు.

ఏప్రిల్ 19

తొడ మీద కుట్లు. పశువుల ఆసుపత్రిలో నీలిమ అని చిన్న డాక్టరమ్మ. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేస్తే శాంతిస్తాడా అని అడిగాను. చిన్నప్పుడైతే కొంత తేడా ఉండేదని, ఈ వయసులో అలవాటు పోదని చెప్పింది. ఇద్దర్నీ ముఖాముఖి తేవద్దట. తాడు కట్టి, దూరం దూరంగా, ఒకే దిక్కుకు నడిపించాలట. రోజుకి కొంచెం దగ్గర. "పక్కపక్కన నడిస్తే అలవాటు పడొచ్చు తాతగారూ, గ్యారంటీ లేదు" అంది.

బావకి ఇచ్చిన మాటకి మాత్రం గ్యారంటీ ఉందా?

ఏప్రిల్ 24

గవర్రాజు టీలు తాగి తాగి ఒప్పుకున్నాడు. "కుక్కలకి కవాతేటి బావా?" అంటూనే కలెక్టర్ని పట్టుకొచ్చాడు. నీళ్ళ అంచున నేనూ సరంగూ, ఎగువన వాళ్ళిద్దరూ. ఎండుచేపలు ఆరబెడుతున్న జోగమ్మ చూసి, "ఏటి తాతా, సంబంధం కుదిరిందేటి?" అని కేకేసింది. పిల్లవైపువాళ్ళు ఎవరో మేమింకా తేల్చుకోలేదన్నాను.

కుక్కలు బుద్ధిగా నడిచాయి. మేమే నడవలేదు. దక్షిణపు గాలి బాగుందన్నాను. "దచ్చినమేటి, నైరుతి! ముక్కులో పోర్టు బొగ్గు దుమ్ము పట్టేసిందేటి నీకు?" అన్నాడు. నేను ఏమన్నా కాదనడానికే పుట్టాడు వీడు. గాలి గురించి తిట్టుకుంటూ తెప్ప దగ్గరికి వచ్చేశాం. తెప్పను చూడగానే సరంగు తాడు లాక్కుని దాని కిందికి దూరాడు. కలెక్టర్ కూడా తాడు తెంపుకున్నాడు.

మళ్ళీ కుట్లు.

మే 2

మా వరండాలో గొలుసుతో కట్టేశాను.

మే 5

మూడు రోజులుగా నీళ్ళు తప్ప ముట్టలేదు. సాయంత్రం కాసులమ్మ వచ్చి గొలుసు విప్పేసింది. "కొరికించుకోనీ అన్నియ్యా. ఆడికి తెప్పయినా కనపడతాది" అంది. తెప్ప తీసుకుపోయిన దగ్గర్నుంచి ఆ వైపుకి తను మాత్రం వెళ్ళలేదు.

మే 13

ఓటేసి, సిరా వేలితో ఒడ్డుకి వెళ్ళాను. ఇద్దరూ కలబడి ఉన్నారు. గవర్రాజు బకెట్టుతో నీళ్ళు కొడుతున్నాడు. కలెక్టర్ కుంటుకుంటూ వెనక్కి తగ్గాడు! నిజంగా తగ్గాడు. నేనే ఎలక్షన్ గెలిచినట్టు అరిచాను. గవర్రాజు బకెట్టు పట్టుకుని వెళ్ళిపోయాడు. ఎంత సంతోషం వేసిందో.

సరంగు తెప్ప కింద నుంచి సాయంత్రం దాకా లేవలేదు. ఈ ముక్క రాయకూడదనుకున్నాను.

మే 27

ఎండ. సరంగు పక్కటెముకలు కనిపిస్తున్నాయి. నీళ్ళు మాత్రం కుండలు కుండలు తాగుతున్నాడు. పోనీ, వేసవి.

జూన్ 6

కరవలేదు!

నా కళ్ళతో చూశాను. సరంగు తూలుకుంటూ సరిహద్దు దాటాడు. కలెక్టర్ లేచి వచ్చాడు. వాడు సరంగు వెనక వాసన చూశాడు, చాలాసేపు చూశాడు. తల తిప్పుకుని పోయి, తన చోట పడుకున్నాడు. సరంగు తెప్ప నీడలో పడుకున్నాడు. ఇద్దరి మధ్య ఒక వల అంత దూరం.

పడ్డాడు బావా, నీ సరంగు ఒకడితో పడ్డాడు. పక్కపక్కన నడిపించడం వృథా పోలేదు. గవర్రాజుకి టీ చెప్పాను, ఉల్లిపాయ పకోడీ కూడా. వాడు పకోడీ తిన్నాడు గాని నవ్వలేదు.

జూన్ 7

ఈరోజు చెప్పాడు. నన్ను చూడకుండా, వల ముడి చూసుకుంటూ. "ఆడు కాలెత్తడం మానీసేడు బావా. సూసేవా? కూకుని ఉచ్చ పోత్తన్నాడు, పిల్లకుక్కలాగ. పది దినాలయ్యింది" అన్నాడు.

నేను చూడలేదు. రోజూ చూస్తూనే చూడలేదు.

కలెక్టర్‌కి వాడిప్పుడు మగవాడు కాడు. సరిహద్దు గీయలేనివాడితో తగువేమిటి? వదిలేశాడు.

డాక్టరమ్మ సూదితో రక్తం తీసి చూసింది. కిడ్నీలు అంది. తరవాత చాలా చెప్పింది, నేను గోడ మీద ఆవు బొమ్మ చూస్తూ కూర్చున్నాను. నాతో ఎవుడూ తగువాడట్లేదేటని ఆసుపత్రిలో బావ అడిగిన మాట గుర్తొచ్చింది. అప్పుడు నవ్వినందుకు బాధ కాదు గాని, ఎందుకు నవ్వానో ఇప్పుడు తెలియడం లేదు.

జూన్ 15

నిషేధం అయిపోయింది. పొద్దున్నే తెప్పలన్నీ దిగాయి. బావ తెప్పకి గవర్రాజు నీలం రంగు వేయించాడు. కాసులమ్మ వచ్చింది. ఏప్రిల్ తరవాత ఇదే రావడం. తెప్పకి పెట్టే పసుపు కుంకుమ ఈసారి తేలేదు. సరంగు పక్కన కూర్చుని తల ఒళ్ళో పెట్టుకుంది.

తెప్ప నీళ్ళలోకి జారుతుంటే సరంగు లేచాడు. నాలుగడుగులు వేశాడు. అల కాళ్ళకు తగిలింది, ఆగాడు. మొరగలేదు. తెప్ప కింద ఇసుక మాత్రం మిగిలింది. వెనక్కి వచ్చి దాని మీదే పడుకున్నాడు. కలెక్టర్ వచ్చి కొంచెం పక్కగా పడుకున్నాడు. ఇద్దరూ సముద్రం వైపు చూశారు. "అన్నదమ్ముల్లాగున్నారు" అని జోగమ్మ సంబరపడింది. కాసులమ్మ ఆమెను చూసిన చూపు రాయలేను.

జూన్ 18

సరంగు పోయాడు. ఆ ఇసుకలోనే పెట్టాం. గవర్రాజే గొయ్యి తీశాడు.

జూన్ 19

కలెక్టర్ ఆ చోట వాసన చూశాడు. ఇన్నాళ్ళూ అక్కడ కాలెత్తలేదు. ఈరోజు ఎత్తాడు.

జూన్ 20

సాయంత్రం ఒడ్డున గవర్రాజు పక్కన కూర్చున్నాను. ఉత్తరపు గాలి వీస్తోందన్నాను. జూన్‌లో ఉత్తరపు గాలేమిటి, కావాలనే అన్నాను. వాడు నా వంక చూశాడు. తల తిప్పుకున్నాడు.

"అవును బావా. ఉత్తరమే" అన్నాడు.